పెంపకమా? దత్తతా? బిడ్డను ఇంటికి తెచ్చుకోదలచిన దంపతులకు

కుటుంబ నియంత్రణ పుస్తకాలలో దత్తత విషయం ఎందుకు వచ్చిందని మీరు అనుకోవచ్చు. ఎర్ర త్రికోణం గుర్తు చూడగానే "ఇక పిల్లలు చాలు" అన్న మాట ఒక్కటే మనసుకు రావడం మనకు అలవాటైపోయింది. కాని ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారందరూ చాలుననుకునేవారే కాదు. పెళ్ళయి పదేళ్ళయినా కడుపు పండనివారు వస్తారు. ఆపరేషను చేయించుకున్నాక దురదృష్టవశాత్తు వున్న బిడ్డను పోగొట్టుకున్నవారు వస్తారు. మొదటి కాన్పులోనే ప్రాణం మీదికి వచ్చి, ఇంకొక కాన్పు పనికిరాదని డాక్టరు చెప్పిన తల్లులు వస్తారు. "ఒక బాబు వున్నాడు, ఇంకొక కాన్పు మాకు వద్దు, ఒక ఆడపిల్లను తెచ్చి పెంచుకుంటాం, ఎవరిని అడగాలి?" అనే దంపతులూ వున్నారు. ఎందరు పిల్లలు, ఎప్పుడు, ఎలా అని ఆలోచించి నిర్ణయించుకోవడమే కుటుంబ నియంత్రణ అయినప్పుడు, ఈ ప్రశ్న కూడా అందులోదే.

పిల్లలు కలగనివారికి ముందుగా ఒక్క మాట. పరీక్షలు భార్యకు మాత్రమే చేయించి వదిలేయవద్దు. లోపం భర్తలోనూ వుండవచ్చు, ఇద్దరిలోనూ వుండవచ్చు, ఇద్దరూ బాగానే వుండి కూడా ఆలస్యం కావచ్చు. ఆపరేషను అయినవారికి నాళాలను తిరిగి కలిపే శస్త్రచికిత్స వుంది. అది అందరికీ ఫలిస్తుందని చెప్పలేము. వైద్యంతో కాగలది ఏమిటో డాక్టరును అడిగి తేల్చుకోండి. ఆ తరువాతనే ఈ పుస్తకం చదవండి. మందులు వాడుతూ, ఇంకోపక్క మొక్కులు మొక్కుతూ, మనసంతా అక్కడే వుంచుకుని బిడ్డను తెచ్చుకుంటే, ఆ వచ్చిన బిడ్డకు మీ ఒడిలో సగం చోటే దొరుకుతుంది.

చేతి మార్పు బిడ్డ వద్దు

"ఎవరో పెళ్ళికాని పిల్ల కన్నదట, ఇచ్చేస్తారట. ఆసుపత్రి ఖర్చులు మనం పెట్టుకుంటే చాలట." ఈ రకం కబురు మీ చెవినా పడి వుండవచ్చు. కబురు తెచ్చేవారు ఊళ్ళో ఆర్‌ఎంపీ కావచ్చు, నర్సింగ్ హోములో ఆయా కావచ్చు, దూరపు చుట్టం కావచ్చు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ ముద్ర వేయించి, "ఇక మీ బిడ్డే" అంటారు. పుట్టిన సర్టిఫికెట్టులో మీ పేర్లే వేయిస్తామని కూడా అంటారు.

ఆ కాగితానికి విలువ లేదు. బిడ్డను అమ్మడం, కొనడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం. 5 సంవత్సరాల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. ఆసుపత్రిలో పనిచేసేవారే అమ్మితే 3 సంవత్సరాలకు తక్కువ కాకుండా 7 సంవత్సరాల వరకు శిక్ష. "మేం కొనలేదండీ, దయతలచి ఖర్చులిచ్చాం" అంటే చట్టం వినదు.

శిక్ష మాట అటుంచండి. అంతకంటె పెద్ద కష్టం ఇంకొకటి వుంది. 2024 మే నెలలో హైదరాబాదు శివార్లలోని మేడిపల్లి పోలీసులు పసిపిల్లలను అమ్మే ముఠాను పట్టుకున్నారు. ఢిల్లీ, పూణేల నుంచి తెచ్చిన పిల్లలను మన తెలుగు జిల్లాల దంపతులకు లక్షల రూపాయలకు అమ్మారు. పోలీసులు పదిమందికి పైగా పిల్లలను ఆ ఇళ్ళ నుంచి తీసుకువెళ్ళి ప్రభుత్వ సంరక్షణలో వుంచారు. కొన్నవారిలో చాలామంది పిల్లలు లేని మామూలు సంసారులే. నెలల తరబడి పాలు పట్టి, జోల పాడి, పేరు పెట్టుకున్న బిడ్డను పోలీసులకు అప్పజెప్పి, తరువాత కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఆ బిడ్డలకు మాత్రం ఏం తెలుసు? అలవాటైన ఒడి ఒకనాటి సాయంత్రం లేకుండా పోయింది.

అంతకు ముందు కూడా, 1999 నుంచి 2001 వరకు, తెలంగాణా తండాలలో పేద లంబాడా తల్లుల దగ్గర ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని, దత్తత పేరుతో విదేశాలకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. బిడ్డ కావాలనే మీ ఆశకు వెల కట్టేవాడు వున్నంతకాలం, ఎక్కడో ఒక పేదతల్లి ఒడి ఖాళీ అవుతూనే వుంటుంది.

పెంచలేని స్థితిలో వున్న తల్లి ఈ పుటలు చదువుతూ వుంటే, అమ్మా, మీకూ ఒక మాట. చెత్తకుండీ, ముళ్ళపొద దారి కాదు, దళారీ అసలే కాదు. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. మీ పేరు గుట్టుగా వుంచుతారు. తప్పనిసరి పరిస్థితులలో బిడ్డను వదులుకున్న తల్లిని నేరస్థురాలిగా చూడరు. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు కూడా ఇస్తారు. 1098 నంబరుకు ఫోను చేస్తే చైల్డ్ హెల్ప్‌లైను వారు పలుకుతారు. రాత్రి అయినా సరే, ఖర్చు లేదు.

రెండు మాటలు, రెండు అర్థాలు

మన వాడుకలో "పెంచుకున్నాం" అన్నా, "దత్తత చేసుకున్నాం" అన్నా ఒకటే. చట్టంలో ఈ రెండూ వేరు వేరు. చాలా చిక్కులు ఇక్కడే మొదలవుతున్నాయి గనుక కొంచెం నిదానంగా చదవండి.

దత్తత అంటే బిడ్డ పూర్తిగా మీ బిడ్డ కావడం. ఇంటిపేరు మీది. ఆస్తిలో కన్నబిడ్డకు వుండే హక్కులన్నీ వుంటాయి. కన్నవారితో చట్టపరమైన సంబంధం తెగిపోతుంది. ఒకసారి ఉత్తర్వు అయితే "మాకు సరిపడలేదు, తీసుకువెళ్ళండి" అని తేలికగా అనడానికి లేదు.

పెంపక సంరక్షణ అంటే, కన్నవారు వుండీ చూసుకోలేని స్థితిలో వున్న బిడ్డను, లేదా ఎవరూ లేక వసతి గృహంలో పెరుగుతున్న బిడ్డను, ప్రభుత్వం మీ ఇంట వుంచి పెంచమని అప్పగించడం. బిడ్డ మీ ఇంట్లో తింటాడు, మీ వీధి బడికి వెళతాడు, పండక్కి మీతో కొత్తబట్టలు కట్టుకుంటాడు. కాని చట్టం దృష్టిలో మీరు సంరక్షకులే, తల్లిదండ్రులు కారు. ఆస్తి హక్కు దానంతట అది రాదు. కన్నతల్లి కోలుకుంటే, జైలు నుంచి తండ్రి తిరిగివచ్చి సక్రమంగా బ్రతుకుతుంటే, బిడ్డ తిరిగి వెళ్ళిపోవచ్చు.

మన పురాణాలు తెలిసినవారికి ఈ తేడా చెప్పడం సులువు. యశోద కృష్ణుణ్ణి పెంచింది. మధుర నుంచి పిలుపు వచ్చిననాడు పంపవలసి వచ్చింది. రాధ కర్ణుణ్ణి పెంచింది. అతడు కడదాకా రాధేయుడే. యశోద ప్రేమ రాధ ప్రేమకు తక్కువని ఎవరూ అనరు గదా!

దత్తత ఎలా జరుగుతుంది?

దత్తత కోసం ముందుగా కేంద్రప్రభుత్వ సంస్థ "కారా" వారి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఈ సంస్థ 1990లో ఏర్పడింది. చదువు రానివారు మీసేవ కేంద్రానికి పరుగెత్తనక్కరలేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే నమోదు చేసిపెడతారు. ఫోటో, పాన్ కార్డు, వయసు, నివాసం, ఆదాయం, వివాహం తెలిపే పత్రాలు, డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధృవపత్రం కావాలి. ఆ ధృవపత్రం కోసం మా దగ్గరకే రావచ్చు. ప్రాణాంతకమైన వ్యాధులు, అంటువ్యాధులు లేవని పరీక్షించి ఇస్తారు. బి.పి. వున్నంత మాత్రాన ఆశ వదులుకోకండి, డాక్టరుతో మాట్లాడండి.

ఎవరు అర్హులు? దంపతులైతే కనీసం రెండేళ్ళు సవ్యంగా కాపురం చేసివుండాలి. ఇద్దరి సమ్మతీ కావాలి. అత్తగారి పోరు పడలేక భార్య "సరే" అనడం సమ్మతి కాదు. పెళ్ళికాని స్త్రీ, వితంతువు, విడాకులు పొందిన స్త్రీ కూడా బాబునైనా, పాపనైనా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి పురుషునికి మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బిడ్డకూ మీకూ కనీసం 25 సంవత్సరాల ఎడం వుండాలి. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. నాలుగేళ్ళ వరకు బిడ్డకైతే 90, ఎనిమిదేళ్ళ వరకు 100, ఆపైన 110. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి, ప్రత్యేక అవసరాలు గల పిల్లలను, దత్తతకు ఎవరూ ముందుకు రాని పిల్లలను మాత్రమే ఇస్తారు.

నమోదైన తరువాత ఒక సామాజిక కార్యకర్త మీ ఇంటికి వస్తారు. ఇల్లు పెంకుటిల్లా, మేడా అని చూడడానికి కాదు. ఇంట్లో ఎవరెవరున్నారు, మాట తీరు ఎలా వుంది, ముసలివారు ఏమంటున్నారు, సారాయి అలవాటు వుందా, ఇదివరకే బిడ్డ వుంటే ఆ బిడ్డ ఏమంటోంది, ఇవన్నీ తెలుసుకుంటారు. గోడలకు సున్నాలు కొట్టించి, అప్పు తెచ్చి ఫ్రిజ్ కొననక్కరలేదు. నిజం చెప్పండి, చాలు.

ఆ పైన నిరీక్షణ. దాపరికం ఎందుకు? పసిబిడ్డ కోసం మూడేళ్ళకు పైగా ఆగవలసి వస్తోంది. 2024-25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగాయి. నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న వారు అంతకు ఎన్నో రెట్లు వున్నారు. శిశుగృహంలో వున్న ప్రతి బిడ్డనూ దత్తతకు ఇవ్వరు. కన్నవారి కోసం విచారించి, ఎవరూ లేరని తేలిన తరువాతనే బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డ దత్తతకు అర్హత కలదని ప్రకటిస్తుంది. ఈ జాగ్రత్త మీకూ మంచిదే. రేపు ఎవరో వచ్చి "మా బిడ్డ" అనే భయం వుండదు.

బిడ్డను చూపి, మీరు సరేనన్న తరువాత, ఉత్తర్వు వచ్చేలోపలనే ఇంటికి పంపుతారు. దీనిని "దత్తతకు ముందు పెంపక సంరక్షణ" అంటారు. పేరులో పెంపకం వున్నా ఇది దత్తతలో ఒక మెట్టు మాత్రమే. ఇదివరకు ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఆ ఉత్తర్వుతో మీ పేర్లు తల్లిదండ్రులుగా వేసిన జనన ధృవపత్రం వస్తుంది. తరువాత రెండు సంవత్సరాలు, ఆరునెలలకొకసారి వచ్చి బిడ్డ ఎలా వుందో చూసిపోతారు. ఫీజులు నియమాల ప్రకారమే వుంటాయి. రసీదు లేని డబ్బు ఎవరు అడిగినా ఇవ్వవద్దు.

బంధువుల బిడ్డను, అంటే అన్నగారి బిడ్డనో చెల్లెలి బిడ్డనో తెచ్చుకునే ఆచారం మనలో ఎప్పటి నుంచో వుంది. హిందువులకు 1956 నాటి దత్తత చట్టం వర్తిస్తుంది. దత్తహోమం చేయించడం తప్పనిసరి కాదు. ఇచ్చి పుచ్చుకోవడం ముఖ్యం. దస్తావేజు రిజిస్టరు చేయించుకోవడం ఎంతైనా మేలు. ఇది తెలిసినవారి మధ్య జరిగే సంగతి. ముక్కూ మొహం తెలియనివారి బిడ్డకు ఈ పద్ధతి వాడబోయి చిక్కుల్లో పడవద్దు.

పెద్ద పిల్లల మాట

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అందరూ పొత్తిళ్ళలో బిడ్డనే అడుగుతారు. "మరీ చిన్నపిల్ల అయితే మా అలవాట్లే వస్తాయండి" అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని వసతి గృహాలలో ఎనిమిదేళ్ళవారు, పదేళ్ళవారు, అక్కా తమ్ముళ్ళు జతగా వున్నవారు ఎందరో. వారికోసం వరస కట్టి నిలబడినవారు లేరు. దత్తతకు అర్హత వున్న పెద్ద పిల్లలను, ఆరోగ్య సమస్యలున్న పిల్లలను తెచ్చుకోవడానికి ఏళ్ళ తరబడి నిరీక్షణ వుండదు.

దత్తతకు అర్హత ఇంకా తేలని పిల్లల కోసమే పెంపక సంరక్షణ. సాధారణంగా ఆరేళ్ళు పైబడిన పిల్లలను ఇస్తారు. 2024లో కేంద్రం ఈ నమూనా నియమాలను సవరించింది. ఇదివరకు దంపతులకు మాత్రమే అవకాశం వుండేది. ఇప్పుడు 35 నుంచి 60 సంవత్సరాల లోపు ఒంటరి వ్యక్తులు కూడా పెంచవచ్చు. పురుషులకు మగపిల్లలనే ఇస్తారు. పెంచినవారు అదే బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఇదివరకు ఐదేళ్ళు ఆగాలి. ఇప్పుడు రెండేళ్ళు. అయితే, ఆ బిడ్డకు దత్తత అర్హత వచ్చివుండాలి. బిడ్డ కూడా ఇష్టపడాలి. ఐదేళ్ళు దాటిన బిడ్డను అడగకుండా దత్తత చేయరు.

"అయితే రెండేళ్ళు పెంచితే మనదైపోతుందన్నమాట" అని లెక్కవేసుకుంటున్నారా? అలా అనుకోకండి. దత్తతకు అర్హత వున్న బిడ్డను దీర్ఘకాలపు పెంపకానికి ఇవ్వకూడదని చట్టంలోనే రాసి వుంది. కనుక పసిబిడ్డ త్వరగా దొరకడానికి ఇది అడ్డదారి కాదు. మీరు తెచ్చుకునే బిడ్డకు ఎక్కడో ఒక అమ్మ వుండవచ్చు. ఆమె నెలకొకసారి చూడడానికి రావచ్చు. వచ్చి వెళ్ళిన రాత్రి బిడ్డ అన్నం తినకపోవచ్చు. అప్పుడు "ఇంత చేసినా మీ అమ్మేనా నీకు?" అన్నారా, ఏడాది కష్టం ఒక్క మాటతో పోయినట్టే. బిడ్డ మీ దగ్గర వున్నంతకాలం నిశ్చింతగా వుండడం కోసం పెంచగలనని మీ మనసు చెబితే ముందుకు రండి. బిడ్డ వెళ్ళిపోతే బ్రతకలేమని అనిపిస్తే దత్తతకే నమోదు చేసుకోండి. ఏది చెప్పినా సిగ్గుపడవలసింది లేదు.

మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లల పెంపకానికి నెలకు 4,000 రూపాయల సహాయం వుంది. పాలకు, పుస్తకాలకు అక్కరకు వస్తుంది. దానికోసమే బిడ్డను తెచ్చుకునేవారు, ఇంటిపనికి ఒక చేయి దొరుకుతుందని తెచ్చుకునేవారు ఎక్కువకాలం దాచలేరు. బాలల సంక్షేమ సమితి నెలనెలా చూసి వెళుతుంది. లోపం కనబడితే బిడ్డను తీసుకువెళుతుంది.

ఇంటికి వచ్చిన తొలినాళ్ళు

కోనసీమలో ఒక ఊరి దంపతుల ఇంటికి తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చిందని అనుకుందాం. మొదటి పదిహేను రోజులు చెప్పిన మాట వింటుంది. పెట్టింది తింటుంది. "ఎంత బుద్ధిమంతురాలో!" అని అందరూ మెచ్చుకుంటారు. అది బుద్ధి కాదు, భయం. ఇంకొక ఇల్లు ఎలా వుంటుందో అని బిగబట్టుకుని వుంటుంది. నెల దాటాక అసలు పిల్ల బయటపడుతుంది. ఎదురు చెబుతుంది. పక్క తడుపుతుంది. దిండు కింద రొట్టెముక్కలు, అరటిపండ్లు దొరుకుతాయి, చీమలు పట్టి.

ఆ చీమలను చూసి కేకలు వేయకండి. ఆకలి తెలిసిన బిడ్డ రేపటి అన్నం ఈ రోజే దాచుకుంటుంది. దాచిన దానిని దొంగతనం అనకండి. వంటింట్లో ఆమెకు అందే ఎత్తులో ఒక డబ్బా పెట్టి, అటుకులో వేరుశనగ వుండలో వేసి, "ఇది నీది, ఆకలేసినప్పుడు అడగకుండా తిను" అని చెప్పండి. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాకుండా చూడండి. రేపు కూడా అన్నం వుంటుందని నమ్మకం కుదిరాక దిండు కింద దాచడం తగ్గుతుంది. ఇది మాటలతో నేర్పే సంగతి కాదు.

పక్క తడిపే బిడ్డను నలుగురిలో అవమానించడం మన ఇళ్ళలో పెద్ద తప్పు. రాత్రి పొద్దుపోయాక నీళ్ళు, టీ తగ్గించండి. పడుకోబోయే ముందు ఒకసారి దొడ్డికి పంపండి. రబ్బరు గుడ్డ వేయండి. పొద్దున్నే మాట లేకుండా పక్కబట్ట మార్చండి. కొత్తగా మొదలైనా, మంట, జ్వరం వున్నా, దాహం ఎక్కువగా వున్నా కేంద్రానికి తీసుకురండి.

దెబ్బ వేయకండి. కన్నబిడ్డను కొట్టినా తప్పే. కాని ఇదివరకే దెబ్బలు తిని వచ్చిన బిడ్డకు మీ చేయి లేస్తే మీరూ పాతవాళ్ళలాంటివారే అనిపిస్తుంది. మళ్ళీ మొదటికి వస్తుంది. స్నానం చేయించబోతే, ముట్టుకోబోతే ముడుచుకుపోయే బిడ్డను బలవంతపెట్టవద్దు. కారణం తరచి తరచి అడగకండి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలోని కౌన్సెలరుకు చెప్పండి.

ఒంటి సంగతి. వచ్చిన వారంలోనే బిడ్డను మా దగ్గరకు తీసుకురండి. బరువు, ఎత్తు, రక్తంలో హిమోగ్లోబిను, కళ్ళు, చెవులు, పళ్ళు చూస్తారు. చెవిటితనాన్ని మొండితనం అనుకుని తిట్లు తిన్న పిల్లలు ఎందరో. టీకా కార్డు వుంటే తెండి, లేకపోతే ఏవి పడ్డాయో ఏవి పడలేదో డాక్టరు నిర్ణయిస్తారు. పదేళ్ళకు, పదహారేళ్ళకు వేసే టి.డి. టీకా మరచిపోవద్దు. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో బడిలోనూ, అంగన్వాడీలోనూ ఇస్తారు. గజ్జి, పేలు వుంటే ఇంట్లో అందరూ ఒకేసారి మందు వాడాలి. "ఎక్కడి నుంచి తెచ్చిందో" అని బిడ్డ వినేలా అనకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 సంవత్సరాల వరకు పిల్లలకు పరీక్షలు ఉచితం. గుండె రంధ్రం, గ్రహణం మొర్రి వంటివి వుంటే చికిత్సకూ దారి చూపుతారు. పెంపకంలో వున్న బిడ్డకు ఆపరేషను అవసరమైతే సంరక్షణ విభాగానికి ముందుగా తెలియజేయండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ముందు ఆసుపత్రికి, తరువాత కబురు.

జనం అడిగే ప్రశ్నలు

"ఏ కులమో, ఎవరి రక్తమో?" అని ఇరుగుపొరుగు అడుగుతారు. రక్తం గ్రూపులు నాలుగు, అవి అన్ని కులాలలోనూ వున్నాయి. దొంగబుద్ధి, మంచిబుద్ధి రక్తంతో రావు. కొన్ని జబ్బులు వంశంలో రావచ్చు. అవి మీ వంశంలోనూ వుండవచ్చు.

"బిడ్డకు ఎప్పుడు చెప్పాలి?" చిన్నప్పుడే. పొత్తిళ్ళలో తెచ్చుకున్న బిడ్డకైతే మూడు నాలుగేళ్ళ వయసు నుంచే, నిద్రబుచ్చే కథలాగా: "నీకోసం మేం చాలా దూరం వచ్చాం, నిన్ను చూసి ఎత్తుకున్నాం." పెళ్ళి సంబంధాల వేళ ఒక మేనత్త నోట వినవలసి రావడం కంటె ఇది వెయ్యి రెట్లు నయం. దాచిన సంగతి ఊళ్ళో ఒకరికైనా తెలిసే వుంటుంది. 18 సంవత్సరాలు నిండాక తన పుట్టుక సంగతి తెలుసుకోవాలని కోరే హక్కు బిడ్డకు వుంది. ఆ రోజు వస్తే భయపడకండి. వెతుక్కునే బిడ్డ మిమ్మల్ని వదిలి వెళ్ళడం లేదు.

"దత్తత తీసుకున్నాక మాకే కడుపు పండితే?" పండవచ్చు. దత్తత వల్ల గర్భం వస్తుందని కొందరు చెప్పేది నమ్మకమే గాని శాస్త్రం కాదు. వచ్చిందే అనుకోండి, ముందు వచ్చిన బిడ్డ పెద్దబిడ్డ. "సొంతబిడ్డ" అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూసుకోండి. ఇంకొక కాన్పు వెంటనే వద్దనుకుంటే లూపు, మాత్రలు, నిరోధ్, ఇంజెక్షను మా దగ్గర ఉచితంగా దొరుకుతాయి. దత్తత బిడ్డ ఇంటికి వచ్చిన ఏడాదే ఇంకొక కాన్పు పెట్టుకోకపోవడం మంచిదని మా అభిప్రాయం. అలవాటు పడుతున్న బిడ్డకు ఆ ఏడాది మీరు పూర్తిగా కావాలి.

"పెంపకంలో వున్న బిడ్డకు పొలం రాసివ్వవచ్చా?" వీలునామా రాయవచ్చు. దానంతట అది వచ్చే హక్కు మాత్రం దత్తతతోనే వస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

మీ జిల్లా కేంద్రంలో మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖవారి ఆఫీసు వుంటుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగం ఎక్కడని అక్కడ అడగండి. ఊళ్ళోనే తెలుసుకోవాలంటే అంగన్వాడీ టీచరునుగాని, ఆశా కార్యకర్తనుగాని అడగండి. వారికి తెలియకపోతే 1098కి ఫోను చేసినా దారి చెబుతారు. వెళ్ళేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళండి. ఇంట్లో ఇదివరకే ఐదేళ్ళు దాటిన బిడ్డ వుంటే ఆ బిడ్డ సమ్మతి కూడా అడుగుతారు గనుక, బయలుదేరే ముందు రోజు ఆ బిడ్డతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఆరోగ్య ధృవపత్రం కోసం కేంద్రానికి వచ్చేవారు పాత మందుల చీటీలు, ఆపరేషను కాగితాలు వుంటే వెంట తెచ్చుకోండి.